వసంతంలో రైన్, మోసెల్, ఆల్జాస్ ద్రాక్షతోటల మీదుగా రైలు ప్రయాణం: నలుగురం, 12 రాత్రులు. సలహా కావాలి

కిటికీసీటు | 2025 జనవరి 11

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రైల్వేలో గార్డుగా 34 ఏళ్ళు పనిచేశారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. బెజవాడ నుంచి విశాఖ వైపు, కాజీపేట వైపు ఎన్ని వేల సార్లు తిరిగారో లెక్క లేదు. అయితే ఎప్పుడూ చివరి పెట్టెలోనే. "నేను చూసినవన్నీ వెనక్కి పోయే పట్టాలే" అని అప్పుడప్పుడూ అంటుంటారు. ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, బాధ్యతలేవీ లేకుండా ఒక మంచి రైలు ప్రయాణం చేయించాలని నాకు చాలాకాలంగా కోరిక. మా ఆయనకు ద్రాక్షసారాయిల మీద ఆసక్తి. రెండూ కలిసేలా జర్మనీ, ఫ్రాన్స్ ద్రాక్ష ప్రాంతాలను ఎంచుకున్నాం.

అమ్మ, నాన్న, మా ఆయన, నేను. ఏప్రిల్ 25న ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతాం, మే 7న తిరుగు విమానం. నేను రాసుకున్న ఊళ్ళు ఇవి: ఫ్రాంక్‌ఫర్ట్, హైడెల్‌బర్గ్, రూడెస్‌హైమ్, కోబ్లెన్జ్, ట్రియర్, లక్సెంబర్గ్, రాన్స్, పారిస్, డిజోన్, బోన్, కోల్మార్, స్ట్రాస్‌బర్గ్.

అమ్మకు 66, నాన్నగారికి 70. ఇద్దరూ బాగానే నడుస్తారు కానీ మెట్లెక్కితే అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఇద్దరూ మద్యం ముట్టరు. అమ్మ గుడ్డు కూడా తినదు. ఈ జాబితా కుదురుతుందా?

రైన్‌తీరం | 2025 జనవరి 11

కిటికీసీటు గారూ, నేను మైన్జ్‌లో 11 ఏళ్ళుగా ఉంటున్నాను. ముందు కష్టమైన మాట చెప్పేస్తాను. 12 రాత్రుల్లో 12 ఊళ్ళంటే మీ నాన్నగారికి కిటికీ కాదు, ప్లాట్‌ఫారాలే మిగులుతాయి. రోజూ పెట్టెలు సర్దడం, లిఫ్ట్ కోసం వెతకడం, గది తాళాల కోసం ఎదురుచూడడం. అందులో సగం తీసేయండి.

ద్రాక్ష ప్రాంతాన్ని చూడాలంటే వేగంగా పోయే రైళ్ళు పనికిరావు. కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్ మధ్య కొత్త వేగమార్గం కొండలను తొలుచుకుంటూ పోతుంది, అందులో మీకు రైన్ లోయ కనిపించదు. మైన్జ్ నుంచి బింగెన్, బాఖరాఖ్, ఓబర్‌వెసెల్, సాంక్ట్ గోవర్, బోపార్డ్ మీదుగా కోబ్లెన్జ్ చేరే పాత మార్గమే మీకు కావలసింది. ప్రతి ఊళ్ళోనూ ఆగే ప్రాంతీయ రైలు ఎక్కండి. మైన్జ్ నుంచి వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి, నది అటే ఉంటుంది. అరకు రైలులో ఏ వైపు కూర్చోవాలో మనవాళ్ళు ఎలా ముందే చెప్పుకుంటారో, ఇక్కడా అంతే.

బింగెన్ నుంచి కోబ్లెన్జ్ దాకా ఉన్న ఈ 65 కిలోమీటర్ల లోయను యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మైన్జ్ దాటాక కోబ్లెన్జ్ వరకు నది మీద ఒక్క వంతెన కూడా లేదు. అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే పంటు ఎక్కవలసిందే, కార్లు కూడా వాటి మీదే దాటతాయి. ఈస్టర్ నుంచి అక్టోబర్ వరకు పర్యాటకుల పడవలూ తిరుగుతాయి. ఒక పూట బాఖరాఖ్ నుంచి సాంక్ట్ గోవర్ వరకు పడవలో, మిగతాది రైలులో వెళ్తే అమ్మగారికి బాగుంటుంది. దారిలోనే లోరెలై బండ, నీటి మట్టం నుంచి 132 మీటర్ల ఎత్తు.

గది తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఈ లోయలో రెండు ఒడ్డుల మీదా పట్టాలున్నాయి. రోటర్‌డామ్ నుంచి ఇటలీ వైపు సరకు మోసే గూడ్సు బళ్ళు రాత్రంతా నడుస్తాయి. నిద్ర తేలికగా తెగేవాళ్ళు పట్టాలకు దూరంగా గది అడగాలి.

కిటికీసీటు | 2025 జనవరి 12

చాలా సంతోషమండీ. మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయనకు గది పట్టాల వైపే కావాలట. రాత్రి ఎన్ని గూడ్సులు పోతాయో, ఒక్కొక్కదానికి ఎన్ని వ్యాగన్లుంటాయో చూడాలన్నారు. అమ్మకు వేరే గది వెతకాలేమో.

మంజీర | 2025 జనవరి 12

నా అభిప్రాయం వేరు. ద్రాక్షతోటలు చూడాలంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో వెళ్ళాలి. అప్పుడు కోత, పండగలు, పసుపు ఆకులు, ఊరంతా పులిసే రసం వాసన. ఏప్రిల్‌లో నేను ఒకసారి వెళ్ళాను, కొండంతా ఎండు కర్రలే. తేదీలు మార్చుకునే వీలుంటే మార్చుకోండి.

ద్రాక్షపందిరి | 2025 జనవరి 13

మంజీర గారు చెప్పింది మార్చి, ఏప్రిల్ మొదటి వారాల విషయంలో నిజం. కానీ ఏప్రిల్ 25 నుంచి మే 7 అంటే నేను ఒప్పుకోను. నాకు తోటలో ఏడాది మొత్తం మీద ఇష్టమైన రోజులు అవే.

మాది రంగారెడ్డి జిల్లా. తాతగారికి అనాబ్-ఎ-షాహి తోట ఉండేది. పందిళ్ళ కింద ఆడుకుంటూ పెరిగాను. గైసెన్‌హైమ్‌లో ద్రాక్ష సాగు చదువుకుని ఇప్పుడు మోసెల్ ఒడ్డున ఒక కుటుంబం తోటలో పనిచేస్తున్నాను. మన దగ్గర ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబర్‌లో ఇంకొకటి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పండు. ఇక్కడ చలికాలంలో ఒకే కత్తిరింపు. మీరు బయలుదేరే నాటికి మన తోటల్లో కోత అయిపోయి ఉంటుంది, ఇక్కడ అప్పుడే చిగురు.

మోసెల్ మీద పందిరి ఉండదు. నిటారు వాలుల్లో ఒక్కొక్క తీగకు ఒక్కొక్క గుంజ పాతుతారు. రెండు కొమ్మలు ఉంచి, చెరోవైపు వంచి, కిందకు తెచ్చి గుంజకు కట్టేస్తారు. దూరం నుంచి చూస్తే కొండ నిండా గుండె బొమ్మలు గీసినట్టు ఉంటుంది. ఆ వంచడం మార్చిలో జరిగే పని. పొడి ఎండ కాసిన రోజు వంచితే కొమ్మ పుటుక్కున విరుగుతుంది, ఆ ఏడాది పంట అక్కడికక్కడే పోయినట్టు. అందుకని తుంపర పడిన రోజు, మంచు తడి ఆరని ఉదయం చూసుకుని కడతాం. చేతులు కొంకర్లు పోతాయి, అయినా కొమ్మ మాట వింటుంది.

తర్వాత నేల వేడెక్కుతుంది. వేర్లు నీరు లాగడం మొదలుపెట్టగానే, కత్తిరించిన కొసన ఒక చుక్క ఊరుతుంది. కాసేపు నిలుస్తుంది, పడుతుంది, మళ్ళీ ఊరుతుంది. తీగ ఏడుస్తోంది అంటారు ఇక్కడివాళ్ళు. నాలుక మీద వేసుకుంటే రుచేమీ ఉండదు, చల్లటి నీళ్ళే. అది ఆగిన కొద్ది రోజులకు మొగ్గ పగులుతుంది. మీరు వచ్చేటప్పటికి ఆకులు చింతచిగురంత నుంచి అరచేయంత మధ్యలో ఉంటాయి. ఆకు ఇంకా కమ్మేయదు కాబట్టి కొండ మీద రాతి గోడలు, మెట్లు, నేల రంగు అన్నీ కనిపిస్తాయి. సెప్టెంబర్‌లో అవి కనిపించవు.

ఆ నేల పలకరాయి. మన చిన్నప్పటి రాతి పలక ఉండేది కదా, అదే జాతి. పగలు ఎండకు కాగి రాత్రి ఆ వేడిని తీగకు ఇస్తుంది. ఇంత ఉత్తరాన రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష పండడానికి ఆ రాయి, దక్షిణానికి తిరిగిన వాలు, కింద నది, మూడూ కలవాలి. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మోంట్ అనే తోట వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీలు. అక్కడ ట్రాక్టరు ఎక్కదు. ఒకే పట్టా మీద పళ్ళచక్రంతో పాకే చిన్న బండి ఉంటుంది, తోటకు కొట్టే మందూ మనుషులూ దాని మీదే ఎక్కుతారు. గార్డుగా చేసినవారికి తప్పకుండా నచ్చుతుంది, కనబడితే చూపించండి.

ఇక రైలు. కోబ్లెన్జ్ నుంచి ట్రియర్ వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. కోఖెమ్ దాటగానే 4,205 మీటర్ల సొరంగం వస్తుంది, 1879లో తెరిచారు. నది ఇరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగి వెళ్ళే దూరాన్ని ఆ సొరంగం అడ్డంగా దాటేస్తుంది. ఎల్లర్ దగ్గర బయటికి రాగానే వంతెన, పక్కనే కాల్మోంట్ కొండ. బుల్లాయ్ దగ్గర మళ్ళీ నది దాటాలి. ఆ వంతెన రెండంతస్తులది, 1878లో కట్టింది. యుద్ధంలో కూలితే మళ్ళీ నిలబెట్టారు. ఆ తర్వాత ప్యూండెరిష్ దగ్గర కొండవాలుకు ఆనుకుని 786 మీటర్ల పొడవున 92 కమానుల మీద రైలు వెళుతుంది. అక్కడితో నదిని వదిలేసి విట్లిష్ వైపు తిరిగిపోతుంది. కాబట్టి కునుకు తీయాలంటే అప్పుడు తీయండి, ముందు వద్దు.

కిటికీసీటు | 2025 జనవరి 13

రెండుసార్లు చదివాను. తేదీలు మార్చడం లేదు.

టికెట్‌కౌంటర్ | 2025 జనవరి 14

డబ్బు, కాగితాల సంగతి నేను చెప్తాను.

వీసా: రెండు దేశాల్లో ఎక్కడ ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల గడువుండాలి. మీరు జనవరిలోనే మొదలుపెడితే నిశ్చింత. రుసుము పెద్దలకు 90 యూరోలు, వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. గదులు పట్టేటప్పుడు రద్దు చేసుకునే వీలున్నవే పట్టండి.

పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోండి, పెట్టెలో కాదు. ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల మధ్య సరిహద్దులు లేవని అనుకుంటాం గానీ, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది.

టికెట్లు: జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్ళకు చెల్లే నెలవారీ టికెట్ 2025లో 58 యూరోలు. వినగానే ఎగిరి గంతేయకండి. అది క్యాలెండర్ నెలకు లెక్క. మీరు ఏప్రిల్ చివర్లో వచ్చి మే మొదట్లో వెళ్తున్నారు, అంటే ఒక్కొక్కరికి రెండు నెలలు కొనాలి. పైగా అది చందా, గడువులోగా రద్దు చేయకపోతే డబ్బు కోసుకుంటూనే ఉంటుంది. కోబ్లెన్జ్, ట్రియర్ రెండూ రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రంలోవి. ఆ రాష్ట్రపు ఒకరోజు గుంపు టికెట్ ఐదుగురి వరకు చెల్లుతుంది, నలుగురికి అదే చౌక. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే ఎక్కాలి, శని ఆదివారాల్లో ఆ నిబంధన లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయం పక్క రాష్ట్రంలోది కనుక మొదటి రోజుకు విడిగా కొనండి.

ఫ్రాన్స్‌లో ప్రాంతీయ రైళ్ళకు ముందు కొనవలసిన పని లేదు. అతివేగ రైలు టీజీవీకి మాత్రం బుకింగ్ తెరిచిన వెంటనే కొనండి, రోజులు గడిచేకొద్దీ ధర పెరుగుతుంది. ఈ ప్రయాణానికి రైలు పాసు అవసరం లేదని నా లెక్క.

డిజోన్ నుంచి | 2025 జనవరి 15

అందరూ కలిసి డిజోన్, బోన్ ఉన్న మా బూర్గోన్ ప్రాంతాన్ని కొట్టేసేలా ఉన్నారు, నేను ఊరుకోలేకపోతున్నాను.

నేను డిజోన్‌లో ఉంటున్నాను. ఇక్కడి నుంచి బోన్ వరకు ప్రాంతీయ రైలులో 20 నిమిషాలు. ఆ 20 నిమిషాల్లో కుడివైపు కిటికీలోంచి కనిపించే సన్నటి వాలు మీదే జెవ్రే-షాంబెర్తాన్, నుయి-సాన్-జార్జ్ ఉన్నాయి. ఒక్కొక్క పొలం చెక్కకూ ఒక పేరు, ఒక హద్దు. పక్కపక్క చెక్కల సారాయి ఒకటి కాదని శతాబ్దాల నుంచి రుచి చూసి రాసిపెట్టుకున్నారు. ఆ చెక్కలనే క్లిమా అంటారు, 2015లో యునెస్కో జాబితాలో చేరాయి. బోన్‌లో 1443లో పేదల కోసం స్థాపించిన ఆసుపత్రి ఉంది, దాని పైకప్పు రంగురంగుల పెంకులు చూడవలసినవి. దానికి దానంగా వచ్చిన తోటల సారాయిని 1859 నుంచి నవంబర్‌లో వేలం వేస్తున్నారు.

వసంతం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకొకటి. 2021 ఏప్రిల్ మొదట్లో ఇక్కడ ఘోరమైన మంచు పడింది. అంతకు ముందు వారం ఎండలకు మొగ్గలు పగిలిపోయి ఉన్నాయి. ఆ రాత్రి తెలిసినవాళ్ళ తోటకు వెళ్ళాను. పారఫిన్ నింపిన డబ్బాలు వరసల మధ్య పెట్టి తెల్లవారుజామున వెలిగించారు. కొండ కింద నుంచి చూస్తే కార్తీక దీపాలు వదిలినట్టుంది, దగ్గరికి వెళ్తే పొగ, కిరోసిన్ కంపు, ఎవరూ మాట్లాడడం లేదు. ఇంటి పెద్దాయన వరసలో నడుస్తూ మొగ్గ మీద వేలు పెట్టి చూస్తున్నారు, గట్టిగా ఉందా మెత్తబడిందా అని. తెల్లారాక ఎండ తగిలి నల్లబడ్డవే ఎక్కువ. అప్పటి నుంచి నేను సీసా మీద సంవత్సరం చదవకుండా తాగలేదు.

కోల్మార్ తర్వాత రెండు రాత్రులు డిజోన్‌కు ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటాను.

రైన్‌తీరం | 2025 జనవరి 15

డిజోన్ గారూ, బోన్ గురించి మీరు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. కానీ ఆ రెండు రాత్రులు ఎక్కడి నుంచి తీయాలి? ట్రియర్ తీసేస్తే మోసెల్ పోతుంది. కోల్మార్ తగ్గిస్తే ఆల్జాస్‌లో పల్లెలు పోతాయి. ఇద్దరు పెద్దవాళ్ళతో వెళ్తున్నారు. నేనైతే ఒకే ద్రాక్ష కుటుంబాన్ని పట్టుకుని వెళ్ళమంటాను: రైన్, మోసెల్, నోయ్‌స్టాట్ ఊరున్న ఫాల్ట్స్, ఫ్రాన్స్ వైపు ఆల్జాస్. నాలుగు చోట్లా రీస్లింగ్ ఉంది, నాలుగు చోట్లా అది వేరుగా ఉంటుంది. భాష మారుతుంది, సీసా ఆకారం మాత్రం అదే సన్నటి పొడుగు సీసా.

ఫాల్ట్స్ నుంచి ఆల్జాస్‌కు దాటడానికి చక్కటి దారి ఉంది, చాలామందికి తెలియదు. నోయ్‌స్టాట్‌లో చిన్న రైలు ఎక్కితే ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూగా విస్సెంబూర్ చేరుస్తుంది. అది ఫ్రాన్స్. దిగి ఊళ్ళో కాలవ పక్కన కాసేపు తిరిగి, స్ట్రాస్‌బర్గ్ రైలు ఎక్కితే మరో గంట. సరిహద్దు ఎక్కడ దాటామో తెలియదు, రెండువైపులా తోటలే. ట్రియర్ నుంచి నోయ్‌స్టాట్‌కు సార్‌బ్రూకెన్, కైజర్స్‌లాటర్న్ మీదుగా మారకుండా వెళ్ళే ప్రాంతీయ రైళ్ళున్నాయి.

నోయ్‌స్టాట్ పక్కన గిమ్మెల్‌డింగెన్‌లో బాదం పూల పండగ చేస్తారు. అది మార్చిలో, చెట్లు పూసిన దాన్నిబట్టి తేదీ ప్రకటిస్తారు. మీకు దొరకదు. అయినా 1935లో మొదలైన 85 కిలోమీటర్ల జర్మన్ ద్రాక్షదారి ఆ ఊరి మీదుగానే పోతుంది.

డిజోన్ నుంచి | 2025 జనవరి 16

విస్సెంబూర్ దారి నేనూ వెళ్ళాను, ఆ మాట నిజం. సరే, ఈసారికి వదులుకుంటాను. కిటికీసీటు గారూ, రెండోసారి వచ్చినప్పుడు మాత్రం డిజోన్‌లోనే దిగాలి.

కోనసీమకొబ్బరి | 2025 జనవరి 16

అమ్మా, తిండి గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను మా అత్తగారిని తీసుకుని ఇవే ఊళ్ళు తిరిగాను. ఆవిడ కూడా మీ అమ్మగారిలాగే గుడ్డు ముట్టరు.

వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకోండి. జర్మనీలో ఫెరీన్‌వోనుంగ్ అని వెతకాలి. ఒక పూట అన్నం, చారు ఇంట్లో పడితే మిగతా పూట ఏది దొరికినా పెద్దవాళ్ళు సర్దుకుంటారు. కందిపొడి, చింతపండు, ఆవకాయ తీసుకెళ్ళవచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టుకోకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకురాకూడదు, పట్టుకుంటే పారేస్తారు.

మీరు వెళ్ళేది తెల్ల ఆస్పరాగస్ కాలం. జూన్ 24తో ఆపేస్తారు, అందుకని వసంతమంతా ప్రతి హోటల్లో, ప్రతి సంతలో అదే. మట్టి కింద పెంచుతారు కాబట్టి తెల్లగా ఉంటుంది. ఉడికించి బంగాళదుంపలతో పెడతారు. పైన పోసే పసుపు సాసులో గుడ్డు ఉంటుంది, దాని బదులు కరిగించిన వెన్న అడగండి. మా అత్తగారికి అది ములక్కాడ గుజ్జును గుర్తుచేసింది, మిరియాలపొడి చల్లుకుని రెండుసార్లు తిన్నారు.

ఆల్జాస్‌లో పల్చటి రొట్టె మీద మీగడ, ఉల్లిపాయలు వేసి నిప్పుల పొయ్యిలో కాల్చి ఇస్తారు. టార్ట్ ఫ్లాంబే అంటారు, జర్మనీ వైపు ఫ్లామ్‌కూహెన్. మామూలుగా పంది మాంసం ముక్కలు వేస్తారు, కాబట్టి చెప్పేటప్పుడే వద్దని చెప్పాలి. పెట్టాక ఏరుకుంటాం అంటే కుదరదు.

ఇక వాళ్ళు తాగరు కదా అని తోట దగ్గర బయట కూర్చోబెట్టకండి. ప్రతి తోటవాళ్ళ దగ్గరా ద్రాక్షరసం ఉంటుంది, అదే పండు నుంచి తీసింది. అడిగితే అదే గాజు గ్లాసులో పోసి ఇస్తారు. మా అత్తగారు మాతో సమానంగా బల్ల ముందు కూర్చున్నారు, ఆవిడ సంతోషం అదే.

ద్రాక్షపందిరి | 2025 జనవరి 17

అక్కా, చివరి మాట బాగా చెప్పారు. మా దగ్గరికి వచ్చినవాళ్ళకు రసం పోయడం మాకు తక్కువ పనేం కాదు.

రుచి చూసేవాళ్ళకు రెండు ముక్కలు. సీసా మీద ట్రోకెన్ అని ఉంటే తీపి లేనిది. ఫైన్‌హెర్బ్ అంటే కొంచెం తీపి తగులుతుంది. కాబినెట్, ష్పేట్‌లేజ, ఔస్‌లేజ అన్నవి కోసేనాటికి పండులో ఎంత పక్వం ఉందో చెప్పే మెట్లు. మొదటిసారి మోసెల్ వచ్చినవాళ్ళు కాబినెట్‌తో మొదలుపెడితే మంచిది, తేలికగా ఉంటుంది.

తలుపు మీద చీపురో, ఆకుల గుత్తో వేలాడుతుంటే లోపలికి వెళ్ళండి. స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు. రైతు తన సొంత సారాయి అమ్ముకోవడానికి ఏడాదిలో నాలుగు నెలల వరకు, 40 కుర్చీలకు మించకుండా, లైసెన్సు లేకుండా తెరుచుకునే గది అది. వంట ఇంటివాళ్ళదే. మే మొదట్లో చాలా చోట్ల తెరిచి ఉంటాయి.

ట్రియర్‌లో రోమన్ల నల్లద్వారం అందరూ చూస్తారు. మ్యూజియంలో నోయ్‌మాగెన్ ఊళ్ళో దొరికిన రాతి పడవ ఉంది, మూడో శతాబ్దానిది. పీపాలు నింపుకుని తెడ్లు వేస్తున్న మనుషులు. ఈ నది మీద సారాయి ఎప్పటి నుంచి ప్రయాణిస్తోందో ఆ రాయి చెప్తుంది. దాన్ని వదలకండి.

కిటికీసీటు | 2025 జనవరి 26

ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నాం. ఏప్రిల్ 25 నుంచి మూడు రాత్రులు కోబ్లెన్జ్, తర్వాత ట్రియర్‌లో రెండు, నోయ్‌స్టాట్‌లో రెండు. మే 2న విస్సెంబూర్ మీదుగా కోల్మార్, అక్కడ నాలుగు. మే 6న కోల్మార్ నుంచి పారిస్‌కు టీజీవీ, ఒక రాత్రి, 7న విమానం. జర్మనీలో 7, ఫ్రాన్స్‌లో 5, కాబట్టి జర్మన్ వీసాకే దరఖాస్తు చేస్తున్నాం. హైడెల్‌బర్గ్, లక్సెంబర్గ్, రాన్స్, డిజోన్, బోన్ తీసేశాం. బోన్ తీసేటప్పుడు మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాన్నగారు అడిగింది ఒక్కటే. టీజీవీ ఎంత వేగంగా పోతుంది?

టికెట్‌కౌంటర్ | 2025 జనవరి 26

ఆ మార్గంలో గంటకు 320 కిలోమీటర్లు. 2007 ఏప్రిల్ 3న అదే మార్గంలో ప్రత్యేకంగా సిద్ధం చేసిన రైలును 574.8 దాకా తీసుకెళ్ళారు. నాన్నగారికి చెప్పండి.

తేదీల గురించి రెండు హెచ్చరికలు. మే 1 రెండు దేశాల్లోనూ సెలవు. దుకాణాలు మూసి ఉంటాయి, ముందురోజే కూరగాయలు కొనుక్కోండి. నోయ్‌స్టాట్‌లో ఆ రోజు ఊరంతా తోటల్లోకి నడకకు వెళ్తుంది కాబట్టి మీకు మంచి రోజే దొరికింది. మే 8 ఫ్రాన్స్‌లో సెలవు, ఈసారి గురువారం, శుక్రవారం కూడా కలుపుకుని జనం ఊళ్ళకు పోతారు. మీరు 7కే వెళ్ళిపోతున్నారు, బాగుంది. ప్రయాణానికి వారం ముందు పట్టాల మరమ్మతులు, సమ్మెల ప్రకటనలు చూసుకోండి.

మంజీర | 2025 జనవరి 27

కోల్మార్‌లో ఆదివారం మే 4 పడుతుంది. పల్లెలకు బస్సులు ఆ రోజు తక్కువ. అది ఊళ్ళోనే ఉంటారని పెట్టుకోండి, మ్యూజియంలో ఈసెన్‌హైమ్ పూజాపీఠం చిత్రాలున్నాయి. ఎగిసేం, రిక్విర్ మామూలు రోజుల్లో వెళ్ళండి. ఇళ్ళ కప్పుల మీద కొంగల గూళ్ళు చూడండి. 1970ల్లో ఆల్జాస్ మొత్తం మీద పది జంటలు కూడా మిగలలేదు, పట్టుబట్టి తిరిగి పెంచుకున్నారు. మే నెలలో గూళ్ళలో పిల్లలుంటాయి. సెప్టెంబర్‌లో నాకు ఖాళీ గూళ్ళే కనిపించాయి, ఈ విషయంలో మీ తేదీలే మేలు.

కోనసీమకొబ్బరి | 2025 ఏప్రిల్ 22

అమ్మా, ఇంకో మూడు రోజులేగా. మోకాళ్ళకు పట్టీలు చేతి సంచిలోనే పెట్టు, పెద్ద పెట్టెలో వద్దు. సీసాలు కొంటే తలకు రెండు లీటర్లే మన కస్టమ్స్‌లో వదులుతారు.

కిటికీసీటు | 2025 ఏప్రిల్ 29, ట్రియర్ నుంచి

అందరికీ నమస్కారం. రాత్రి పదకొండయింది, అందరూ నిద్రపోయారు. ఈ రోజు సంగతి ఇప్పుడే రాయాలనిపించింది.

కోబ్లెన్జ్‌లో గూడ్సుల లెక్క మొదటి రాత్రి 19 దగ్గర ఆగింది. తర్వాత నాన్నగారికి నిద్ర పట్టేసింది. అమ్మకు పడవ నచ్చింది, ఆస్పరాగస్ నచ్చలేదు. ములక్కాడ కాదు, పనసతొన అంది.

ఈ రోజు బుల్లాయ్ వెళ్ళాం. స్టేషన్ దగ్గర నుంచి ఆ వంతెన చూసి నాన్నగారు నిలబడిపోయారు. పైన రైలు, కింద కార్లు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన మీద ఆయన ఎన్నిసార్లు వెళ్ళారో. అక్కడ బస్సులు పైన, రైలు కింద. "ఇక్కడ తిరగేసి కట్టారే" అని, ఒక గూడ్సు వచ్చి పూర్తిగా దాటే వరకు కదలలేదు.

అక్కడి నుంచి ట్రాబెన్-ట్రార్బాఖ్‌కు పాయగా విడిపోయే మార్గంలో చిన్న రైలు ఉంటుంది. డ్రైవరు గదికి వెనక గాజు తలుపు. ఎదుటి పట్టాలు మొత్తం కనిపిస్తున్నాయి. నాన్నగారు సీటు వదిలేసి ఆ గాజు దగ్గర నిలబడ్డారు. వంతెన వచ్చింది, వెంటనే సొరంగం నోరు, చీకటి, చివరన చిన్న వెలుగు పెద్దదవుతూ వచ్చి ఒక్కసారిగా నది, తోటలు. గుంజల మీద ఆకులు చింతచిగురు కంటే కొంచెం పెద్దవి. ద్రాక్షపందిరి గారూ, గుండె బొమ్మలు అలాగే ఉన్నాయి. ఇరవై నిమిషాలూ నాన్నగారు ఒక్క మాట మాట్లాడలేదు. కుడిచెయ్యి మాత్రం సిగ్నల్ కనపడినప్పుడల్లా కొంచెం లేచేది.

ఊళ్ళో ఒక తోటవాళ్ళింట్లో మా ఆయనకు కాబినెట్ పోశారు, అమ్మానాన్నలకు అలాంటి గ్లాసుల్లోనే రసం పోశారు. అమ్మ రంగు చూసి, వాసన చూసి, అప్పుడు తాగింది.

తిరుగు రైలులో నాన్నగారు ముందుకు వెళ్ళలేదు. నేరుగా చివరి అద్దం దగ్గరికి నడిచారు. అమ్మ కూడా వెనకాలే వెళ్ళి పక్కన నిలబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ గార్డు పెట్టె ఎప్పుడూ ఎక్కలేదు, ఎక్కనివ్వరు కదా. పట్టాలు వెనక్కి జారిపోతుంటే కాసేపు చూసి, "రోజూ మీకు ఇలాగే కనిపించేదా?" అని అడిగింది. నాన్నగారు తల ఊపి, రాత్రిళ్ళు ఎలా ఉండేదో చెప్పడం మొదలుపెట్టారు. బుల్లాయ్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు.

రేపు బుధవారం. 9 దాటాక నోయ్‌స్టాట్ రైలు.